ఒక్క ప్రోగ్రామ్ చేజారితే ఎంత పోతుంది? భద్రమైన లినక్స్ డెస్క్‌టాప్ ఎంపికలో అసలు ప్రశ్న

క్లుప్తంగా: సెక్యూరిటీ పేరుతో ప్రచారంలో ఉన్న లినక్స్ సిస్టమ్‌లన్నీ ఒకే పనికి పుట్టినవి కావు. కాలీ దాడి పరీక్షలు చేసేవాళ్లది. టెయిల్స్ ఆనవాళ్లు మిగలకూడదనుకునేవాళ్లది. క్యూబ్స్ ఒక పనిలోని ముప్పు మరో పనికి అంటకూడదనుకునేవాళ్లది. ఎక్కువమందికి ఈ మూడింటి అవసరం ఉండదు. వేలాండ్ (తెర మీది విండోలను నడిపే కొత్త వ్యవస్థ) మీద నడుస్తూ అప్‌డేట్లు త్వరగా అందే సాధారణ డిస్ట్రో (లినక్స్ రకం), డిస్క్ ఎన్‌క్రిప్షన్, అనుమతులు బిగించిన యాప్‌లు ఉంటే చాలు.

"భద్రమైన లినక్స్ ఏది?" అని వెతికితే కాలీ, పారట్, క్యూబ్స్, టెయిల్స్, హూనిక్స్, సెక్యూర్‌బ్లూ, ఫెడోరా, డెబియన్ అన్నీ ఒకే జాబితాలో కనిపిస్తాయి. కొన్నిచోట్ల ర్యాంకులు కూడా వేసి ఉంటాయి. వీటన్నింటినీ ఒకే గాటన కట్టడంతోనే గందరగోళం మొదలవుతోంది. ఈ సిస్టమ్‌లు వేర్వేరు ప్రమాదాలకు వేర్వేరు చోట్ల అడ్డుగోడలు కడతాయి. ఆ గోడ ఎక్కడుందో, అది దేన్ని ఆపుతుందో, దేన్ని ఆపలేదో తెలిస్తే ఎంపిక దానంతట అదే తేలుతుంది.

ముందుగా కాలీని పక్కన పెట్టవచ్చు. అది డెబియన్ టెస్టింగ్ ఆధారంగా తయారైన, పెనెట్రేషన్ టెస్టింగ్ సాధనాల సంచి. రోజువారీ డెస్క్‌టాప్ కోసం వెతికేవాళ్లకు ఇది తగదని కాలీ అధికారిక పత్రాలే చెబుతున్నాయి. 2020.1 విడుదల వరకూ అందులో సర్వాధికారాలున్న రూట్ యూజర్‌తోనే లాగిన్ అయ్యేవాళ్లు. దాడి పరికరాలు ఉన్నంత మాత్రాన సొంత బ్యాంకు ఖాతాకు రక్షణ పెరగదు.

## మామూలు లినక్స్‌లో లోపం ఎక్కడుంది

లినక్స్‌కు వైరస్‌లు రావన్న నమ్మకం బలంగా ఉంది. దీనికి ఆధారంగా చూపించేది యూజర్, రూట్ విభజన. ఈ విభజన ఒకే యంత్రాన్ని చాలామంది పంచుకునే కాలంలో పుట్టింది. ఒకరి ఫైళ్లు మరొకరు ముట్టుకోకుండా అది ఆపుతుంది. ఇవాళ ల్యాప్‌టాప్ వాడేది ఒక్కరే. ఆ ఒక్కరి ఖాతాలోనే బ్రౌజర్, పీడీఎఫ్ రీడర్, చాట్ యాప్, ఎక్కడినుంచో దింపుకున్న స్క్రిప్ట్ అన్నీ నడుస్తాయి. వాటిలో ఏది హ్యాకర్ చేతికి చిక్కినా ఫోటోలు, బ్రౌజర్ కుకీలు, ఎస్‌ఎస్‌హెచ్ కీలు (సర్వర్లలోకి లాగిన్ అయ్యే తాళాలు), డాక్యుమెంట్లు అన్నీ అదే ఖాతా హక్కుతో చదవవచ్చు. రూట్ దాకా వెళ్లాల్సిన పనే ఉండదు.

రూట్ కావాలనుకున్నా దారి కష్టమేమీ కాదు. హోమ్ ఫోల్డర్‌లో డాట్‌తో మొదలయ్యే బాష్‌ఆర్‌సీ అనే చిన్న ఫైల్ ఉంటుంది. టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ అది నడుస్తుంది. అందులో సుడో (రూట్ హక్కుతో ఆదేశాలు నడిపే కమాండ్) పేరుతో ఒక నకిలీ ఫంక్షన్ రాసిపెడితే చాలు. తర్వాత ఎప్పుడో యజమాని అప్‌డేట్ కోసం టైప్ చేసిన పాస్‌వర్డ్ నేరుగా ఆ ఫంక్షన్‌కు వెళ్తుంది. ఇందులో కెర్నల్ (సిస్టమ్ మూల భాగం) లోపం ఏదీ వాడలేదు. సిస్టమ్ తనకు చెప్పినట్టే పనిచేసింది, అంతే.

ఇక నిజంగానే లోపాలు బయటపడిన సందర్భాలూ తక్కువేం కాదు. 2022 జనవరిలో వెల్లడైన ప్వన్‌కిట్ లోపం పీకేఎగ్జెక్ అనే ప్రోగ్రామ్‌లో 2009 నుంచీ ఉంది. అదే ఏడాది మార్చిలో వచ్చిన డర్టీ పైప్ నేరుగా కెర్నల్‌లోనిది. రెండూ మామూలు యూజర్‌ను రూట్ చేసేవే.

ప్రోగ్రామ్‌లకు హద్దులు పెట్టే ఎస్‌ఈలినక్స్, యాప్‌ఆర్మర్ దీన్ని ఆపవా అన్న ప్రశ్న వస్తుంది. ఎస్‌ఈలినక్స్ ప్రతి ఫైల్‌కూ ప్రాసెస్‌కూ ఒక లేబుల్ తగిలించి వాటి మధ్య నియమాలు పెడుతుంది. యాప్‌ఆర్మర్ ఫైల్ దారిని బట్టి నియమాలు రాస్తుంది. ఫెడోరాలో మొదటిది, ఉబుంటులోనూ 2019లో వచ్చిన డెబియన్ 10 నుంచి డెబియన్‌లోనూ రెండోది మొదటినుంచే ఆన్‌లో ఉంటాయి. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఫెడోరాలో యూజర్ స్వయంగా తెరిచే ప్రోగ్రామ్‌లు ఎక్కువగా "అన్‌కన్‌ఫైన్డ్" లేబుల్‌తో నడుస్తాయి. అంటే ఎస్‌ఈలినక్స్ వెబ్ సర్వర్ లాంటి సేవలను గట్టిగా కట్టేస్తుంది గానీ, డెస్క్‌టాప్ మీద దింపుకున్న ప్రోగ్రామ్‌ను దాదాపుగా వదిలేస్తుంది. ఎస్‌ఈలినక్స్ ఎన్‌ఫోర్సింగ్‌లో (నియమాలు అమలయ్యే స్థితిలో) ఉందని చూసుకుని నిశ్చింతగా ఉండటం సరికాదు.

## వేలాండ్ వల్ల ఏం మారింది

ఎక్స్11 డిస్‌ప్లే వ్యవస్థ 1987 నాటిది. అందులో ఒకే తెర మీదున్న ప్రోగ్రామ్‌లన్నీ ఒకదాన్నొకటి నమ్ముతాయి. ఎక్స్‌ఇన్‌పుట్ అనే చిన్న సాధనాన్ని టెస్ట్ మోడ్‌లో నడిపి, పక్క విండోలో పాస్‌వర్డ్ టైప్ చేస్తే నొక్కిన ప్రతి కీ నంబరూ వరుసగా తెర మీదికి వస్తుంది. దీనికి ఏ అనుమతీ అడగదు. వేలాండ్‌లో ఇది కుదరదు. ఏ విండోలో టైప్ చేస్తుంటే ఆ విండోకే కీలు అందుతాయి. స్క్రీన్ తీసుకోవాలంటే యూజర్ ఒప్పుకోవాలి.

ఫెడోరా వర్క్‌స్టేషన్ 2016లో వచ్చిన 25వ విడుదల నుంచి వేలాండ్‌నే మొదటి ఎంపికగా పెట్టింది. గ్నోమ్, ప్లాస్మా డెస్క్‌టాప్‌లు ఇప్పుడు దాని మీదే గట్టిగా నిలబడ్డాయి. సిన్నమన్, ఎక్స్‌ఎఫ్‌సీఈ వాడేవాళ్లలో ఎక్కువమంది ఇంకా ఎక్స్11 మీదే ఉన్నారు. భద్రతే ముఖ్యమనుకుంటే డిస్ట్రో పేరు కన్నా ముందు ఈ సంగతి చూడాలి. వేలాండ్ సెషన్‌లో కూడా పాత యాప్‌లు ఎక్స్‌వేలాండ్ ద్వారా నడుస్తాయి, అవి తమలో తాము ఒకదాన్నొకటి గమనించగలవు.

విండోల మధ్య గోడ ఒక్కటే చాలదు, ఫైళ్ల దగ్గర కూడా గోడ కావాలి. ఆ పని ఫ్లాట్‌పాక్ అనే యాప్ ప్యాకేజీ పద్ధతి చేయాలి. అది బబుల్‌ర్యాప్ అనే సాధనం సాయంతో యాప్‌ను శాండ్‌బాక్స్‌లో (మిగతావాటి నుంచి వేరుచేసిన గదిలో) పెడుతుంది. ఇబ్బందేమిటంటే, శాండ్‌బాక్స్‌కు ఎన్ని కిటికీలు పెట్టాలో యాప్‌ను ప్యాక్ చేసినవాళ్లే నిర్ణయిస్తారు. హోమ్ ఫోల్డర్ మొత్తానికి రాసే అనుమతి ఉన్న యాప్ పైన చెప్పిన బాష్‌ఆర్‌సీ ఫైల్‌ను మార్చేయగలదు. అలాంటప్పుడు శాండ్‌బాక్స్ ఉన్నా లేనట్టే.

దీనికి మందు ఫ్లాట్‌సీల్ అనే యాప్‌లో ఉంది. ఎడమవైపు యాప్ ఎంచుకుని ఫైల్‌సిస్టమ్ విభాగంలో "ఆల్ సిస్టమ్ ఫైల్స్", "ఆల్ యూజర్ ఫైల్స్" స్విచ్‌లు ఆపేయాలి. సాకెట్ విభాగంలో వేలాండ్ ఉంచి ఎక్స్11 ఆపాలి. ఆ తర్వాత ఫైల్ తెరవాలంటే పోర్టల్ అనే ఎంపిక కిటికీ వస్తుంది, యూజర్ చూపించిన ఫైల్ మాత్రమే యాప్‌కు అందుతుంది. కొన్ని యాప్‌లలో ఇటీవల వాడిన ఫైళ్ల జాబితా పనిచేయదు, ఫైల్‌ను లాగి వదలడం కుదరకపోవచ్చు. అప్పుడు మొత్తం హోమ్ తెరవకుండా, అవసరమైన ఒక్క ఫోల్డర్‌కే అనుమతి ఇవ్వవచ్చు.

బ్రౌజర్ విషయంలో మాత్రం లెక్క తిరగబడుతుంది. క్రోమియం, ఫైర్‌ఫాక్స్‌లకు సొంత శాండ్‌బాక్స్ ఉంది, అది యూజర్ నేమ్‌స్పేస్‌ల (ప్రాసెస్‌ను వేరుగా ఉంచే కెర్నల్ సౌకర్యం) మీద ఆధారపడుతుంది. ఫ్లాట్‌పాక్ లోపల వాటిని సృష్టించుకునే వీలు లేదు. దాంతో ట్యాబ్‌కూ ట్యాబ్‌కూ మధ్య ఉండాల్సిన లోపలి గోడ పలచబడుతుంది. బ్రౌజర్‌ను డిస్ట్రో రిపాజిటరీ నుంచో, తయారీదారు నేరుగా ఇచ్చే ప్యాకేజీ నుంచో తీసుకోవడం మేలు.

## ఇమేజ్ ఆధారిత డిస్ట్రోలు

ఫెడోరా సిల్వర్‌బ్లూ, ఓపెన్‌సూసే ఏయాన్ లాంటివాటిలో మూల సిస్టమ్ చదవడానికి మాత్రమే వీలుగా ఉంటుంది. అప్‌డేట్ వస్తే కొత్త ఇమేజ్ పక్కన సిద్ధమవుతుంది, రీబూట్ చేశాకే అమల్లోకి వస్తుంది. ఏదైనా చెడిపోతే బూట్ మెనూలో పాతదాన్ని ఎంచుకుంటే సరిపోతుంది. అప్‌డేట్ చేస్తే పాడవుతుందేమోనన్న భయం తగ్గడమే దీనివల్ల భద్రతకు జరిగే పెద్ద మేలు. అయితే నెలల తరబడి రీబూట్ చేయకుండా మూత మూసి తెరిచేవాళ్లు, అప్‌డేట్ దిగినా పాత లోపాలతోనే నడుస్తూ ఉంటారు.

"ఇమ్మ్యూటబుల్" అంటే చెక్కుచెదరనిదని అనుకోవద్దు. రూట్ అయినవాడు కాన్ఫిగరేషన్ ఫోల్డర్లలో ఏదైనా మార్చగలడు, ఆ మార్పు రీబూట్ తర్వాత కూడా నిలుస్తుంది. హోమ్ ఫోల్డర్ ఎలాగూ తెరిచే ఉంటుంది.

సెక్యూర్‌బ్లూ ఇదే ఫెడోరా అటామిక్ (సిల్వర్‌బ్లూ కుటుంబం) పునాది మీద మరింత బిగింపు చేసిన ప్రాజెక్టు. మెమరీ లోపాలను వాడుకోవడం కష్టమయ్యేలా, గ్రాఫీన్ ఓఎస్ తయారుచేసిన హార్డెన్డ్ మాలోక్ అనే మెమరీ కేటాయింపు సాధనాన్ని అమరుస్తుంది. ప్వన్‌కిట్ లాంటి లోపాలకు తావిచ్చే సుడో, పీకేఎగ్జెక్‌లను తీసేసి, 2024లో సిస్టమ్‌డీ 256తో వచ్చిన రన్0 వాడుతుంది. ఎక్స్‌వేలాండ్‌ను మొదటే ఆపి ఉంచుతుంది. ఆ మేరకు కొన్ని ఆటలు, పాత యాప్‌లు మొరాయిస్తాయి. ఏ బిగింపును ఎలా సడలించాలో చదివి తెలుసుకునే ఓపిక ఉన్నవాళ్లకు ఇది మంచి ఎంపిక. చిన్న బృందం నడిపేదన్నది గుర్తుంచుకోవాలి. శాండ్‌బాక్సింగ్‌తో ఆశలు రేపిన సబ్‌గ్రాఫ్ ఓఎస్ ఆల్ఫా దశ దాటకుండానే ఆగిపోయింది.

## క్యూబ్స్: గోడ బలమైనది, అద్దె ఎక్కువ

ఇంతవరకూ చెప్పిన గోడలన్నీ ఒకే కెర్నల్ మీద నిలబడినవి. ఆ కెర్నల్ పగిలితే అన్నీ ఒకేసారి కూలుతాయి. క్యూబ్స్ ఓఎస్ ఈ ఆధారాన్నే మార్చింది. 2012లో మొదటి స్థిర విడుదల వచ్చిన ఈ సిస్టమ్ జెన్ హైపర్‌వైజర్ (ఒకే యంత్రంలో చాలా వర్చువల్ మెషీన్లు నడిపే పొర) మీద నడుస్తుంది. బ్యాంకు పనికి ఒక వర్చువల్ మెషీన్, ఆఫీసుకు ఒకటి, తెలియని లింకులు తెరవడానికి వాడి పారేసేది ఒకటి. ఒక్కోదాన్ని క్యూబ్ అంటారు. ఏ విండో ఏ క్యూబ్‌దో అంచు రంగును బట్టి తెలుస్తుంది. తెరను, మొత్తం యంత్రాన్ని నడిపే డామ్0కు నెట్‌వర్క్ అసలు ఉండదు. వైఫై కార్డు సిస్-నెట్ అనే క్యూబ్‌కు, యూఎస్‌బీ పోర్టులు సిస్-యూఎస్‌బీకి అప్పగిస్తారు. వైఫై డ్రైవర్‌లో లోపం దొరికినా హ్యాకర్ చేరేది ఫైళ్లేమీ లేని ఒక క్యూబ్‌కే.

సాఫ్ట్‌వేర్ టెంప్లేట్‌లో (క్యూబ్‌లు పంచుకునే మూల నమూనాలో) ఉంటుంది. క్యూబ్ మూసి తెరిస్తే సిస్టమ్ భాగం మళ్లీ టెంప్లేట్‌లో ఉన్నట్టే వస్తుంది. నిలిచేవి హోమ్, యూజర్ లోకల్ ఫోల్డర్లు మాత్రమే. కాబట్టి బాష్‌ఆర్‌సీలో దాక్కున్న మాల్‌వేర్ క్యూబ్ లోపల బతికే ఉంటుంది, కానీ ఆ క్యూబ్ దాటదు. క్యూబ్ లోపల సుడోకు పాస్‌వర్డ్ అడగకపోవడం చూసి కొత్తవాళ్లు కంగారు పడతారు. క్యూబ్స్ లెక్కలో గోడ క్యూబ్ చుట్టూ ఉంది, దాని లోపల కాదు. అందుకే అలా వదిలేశారు.

దీనికి చెల్లించాల్సింది హార్డ్‌వేర్ రూపంలో ఉంటుంది. అధికారికంగా కనీస ర్యామ్ 6 జీబీ, సిఫార్సు 16 జీబీ. ఒక్కో క్యూబ్ 400 ఎంబీతో మొదలై 4,000 ఎంబీ దాకా పెరిగేలా డిఫాల్ట్ ఉంటుంది. నెట్, ఫైర్‌వాల్, యూఎస్‌బీ క్యూబ్‌లు ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి కాబట్టి 8 జీబీ ల్యాప్‌టాప్‌లో రెండు బ్రౌజర్ క్యూబ్‌లు తెరిస్తేనే ఊపిరాడదు. ఇంటెల్‌లో వీటీ-ఎక్స్, వీటీ-డీ, ఏఎండీలో ఎస్‌వీఎం, ఐఓఎంఎంయూ అనే వర్చువలైజేషన్ సౌకర్యాలు ఉండాలి, బయోస్‌లో ఆన్ చేసి ఉండాలి. ఐఓఎంఎంయూ (ఇంటెల్‌లో వీటీ-డీ) లేకపోతే వైఫై కార్డును వేరే క్యూబ్‌లో పెట్టడానికి అర్థమే పోతుంది, ఎందుకంటే కార్డు నేరుగా మొత్తం మెమరీని తడమగలదు. క్యూబ్‌లలో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ డిఫాల్ట్‌గా ఉండదు. వీడియో ఎడిటింగ్, ఆటలు కావాలంటే ఇది కాదు.

డెస్క్‌టాప్ కంప్యూటర్లలో ఒక చిక్కు తరచుగా ఎదురవుతుంది. కీబోర్డు కూడా యూఎస్‌బీదే. బూట్ దశలోనే యూఎస్‌బీ కంట్రోలర్లన్నింటినీ డామ్0కు కనబడకుండా దాచే ఎంపిక పెట్టుకుంటే, డిస్క్ పాస్‌వర్డ్ టైప్ చేయడానికి కీబోర్డే పనిచేయదు. యజమాని బయటే నిలబడిపోతాడు. ల్యాప్‌టాప్‌ల లోపలి కీబోర్డు సాధారణంగా పీఎస్2 పద్ధతిలో కలిసి ఉంటుంది కాబట్టి వాటికి ఈ బాధ తక్కువ. కొనేముందు క్యూబ్స్ హార్డ్‌వేర్ అనుకూలత జాబితాలో అదే మోడల్ ఉందో లేదో చూడటం తప్పనిసరి. వర్చువల్‌బాక్స్‌లో పెట్టి ప్రయత్నించి అంచనాకు రావడం కుదరని పని.

## టెయిల్స్, హూనిక్స్: ఎవరన్నది దాచాల్సినప్పుడు

టెయిల్స్ కనీసం 8 జీబీ యూఎస్‌బీ స్టిక్ నుంచి నడుస్తుంది. నెట్ అంతా టార్ (చిరునామాను దాచే నెట్‌వర్క్) ద్వారానే వెళ్తుంది. ఆపేస్తే ర్యామ్ తుడిచేస్తుంది, కంప్యూటర్ డిస్క్ మీద ఏమీ రాయదు. కావాలంటే స్టిక్ మీదే ఎన్‌క్రిప్ట్ చేసిన పర్సిస్టెంట్ స్టోరేజ్ పెట్టుకోవచ్చు. 2024లో ఈ ప్రాజెక్టు టార్ ప్రాజెక్టులో విలీనమైంది.

రోజూ వాడే మెయిల్‌లోకి టెయిల్స్ నుంచి లాగిన్ అయితే దాచాల్సిన గుర్తింపును చేతులారా ఇచ్చేసినట్టే. టార్ దాచేది చిరునామాను మాత్రమే.

హూనిక్స్‌తో తేడా ఒక ఉదంతంతో బాగా అర్థమవుతుంది. టెయిల్స్‌లోని వీడియో ప్లేయర్‌లో ఉన్న లోపాన్ని వాడి, ఒక నేరస్థుడి అసలు ఐపీ చిరునామాను ఎఫ్‌బీఐ రాబట్టిందని 2020లో పత్రికా కథనాలు వెల్లడించాయి. టెయిల్స్‌లో ప్లేయర్, టార్, అసలు నెట్‌వర్క్ కార్డు అన్నీ ఒకే సిస్టమ్‌లో ఉంటాయి. హూనిక్స్‌లో పని చేసే వర్క్‌స్టేషన్ వేరు, టార్ నడిపే గేట్‌వే వేరు, రెండూ విడి వర్చువల్ మెషీన్లు. వర్క్‌స్టేషన్‌కు అసలు ఐపీ ఏమిటో తెలియదు, కాబట్టి అందులోని ప్లేయర్ ఆ ఐపీని బయటపెట్టలేదు. మరోవైపు హూనిక్స్ డిస్క్ మీద ఉంటుంది, దాని ఆనవాళ్లు యంత్రంలో మిగులుతాయి. యంత్రం ఎవరి చేతికైనా చిక్కుతుందన్న భయం పెద్దదైతే టెయిల్స్, నెట్‌లో జాడ తెలిసిపోతుందన్న భయం పెద్దదైతే హూనిక్స్. క్యూబ్స్ లోపల హూనిక్స్‌ను పెట్టుకునే వీలు ఇన్‌స్టాలర్‌లోనే ఉంది.

## అప్‌డేట్లు: కొత్తదే భద్రమా, పాతదే భద్రమా

ఫెడోరా ఒక్కో విడుదలకు దాదాపు 13 నెలలు మద్దతు ఇస్తుంది. డెబియన్ 3 ఏళ్లు, ఆ తర్వాత ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) కింద మరో 2 ఏళ్లు. ఉబుంటు ఎల్‌టీఎస్‌కు 5 ఏళ్లు. ఉబుంటు విషయంలో ఒక మెలిక ఉంది: ఆ హామీ "మెయిన్" విభాగానికే వర్తిస్తుంది. ఎక్కువ ప్యాకేజీలుండే "యూనివర్స్"కు ఉబుంటు తయారీ సంస్థ కెనానికల్ హామీతో అప్‌డేట్లు కావాలంటే ఉబుంటు ప్రో ఆన్ చేయాలి, వ్యక్తిగతంగా 5 యంత్రాల వరకు అది ఉచితం.

స్థిర డిస్ట్రోలు పాత వెర్షన్‌కే అతుకు వేసి ఇస్తాయి. రోలింగ్ డిస్ట్రోలు కొత్త వెర్షన్ మొత్తం ఇస్తాయి. 2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే సాధనం) ఉదంతం రెండోదాని ప్రమాదాన్ని చూపించింది. రెండేళ్లకు పైగా నమ్మకంగా పనిచేసిన ఒక మెయింటెయినర్ ఖాతా నుంచి 5.6.0, 5.6.1 వెర్షన్లలోకి బ్యాక్‌డోర్ (దొంగదారి) చేరింది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ ఆరా తీయడంతో బయటపడింది. డెబియన్ టెస్టింగ్, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్, కాలీ, ఫెడోరా ముందస్తు విడుదలల్లోకి అది చేరిపోయింది. డెబియన్ స్థిర విడుదలకు చేరలేదు. దీన్నిబట్టి పాతదే మేలని తీర్మానించడం తొందరపాటు. సీవీఈ సంఖ్య (భద్రతా లోపాలకిచ్చే గుర్తింపు సంఖ్య) పొందని లోపాల దిద్దుబాట్లు చాలావరకు పాత వెర్షన్లకు చేరవు. రోజూ అపరిచిత డేటాతో తలపడే బ్రౌజర్, కెర్నల్ కొత్తగా ఉండి, మిగతావి కొన్ని వారాలు నలిగి రావడం మంచి మధ్యేమార్గం. ఫెడోరా స్థిర విడుదల దానికి దగ్గరగా ఉంటుంది.

## బూట్ దగ్గర జరిగే పొరపాట్లు

లక్స్ (లినక్స్‌లోని డిస్క్ ఎన్‌క్రిప్షన్) పూర్తిగా షట్‌డౌన్ చేసిన యంత్రాన్నే కాపాడుతుంది. మూత మూసి స్లీప్‌లో పెడితే తాళంచెవి ర్యామ్‌లోనే ఉంటుంది. ప్రయాణాల్లో పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. సెక్యూర్ బూట్ (సంతకమున్న సాఫ్ట్‌వేర్‌తోనే యంత్రం మొదలయ్యే రక్షణ) ఆన్‌లో ఉంటే చాలా డిస్ట్రోల్లో కెర్నల్ లాక్‌డౌన్ హైబర్నేషన్‌ను (మెమరీని డిస్క్‌లో దాచి యంత్రాన్ని ఆపడం) ఆపేస్తుంది కాబట్టి దాన్ని నమ్ముకోలేం.

పాస్‌వర్డ్‌కు పాచికలు వేసి 7,776 పదాల జాబితా నుంచి 6 పదాలు ఎంచుకుంటే సుమారు 77 బిట్ల బలం వస్తుంది. కీలు దాచే టీపీఎం చిప్‌తో డిస్క్ దానంతట అదే తెరుచుకునేలా పెట్టేవాళ్లు, కనీసం పిన్ జోడించాలి. లేదంటే ల్యాప్‌టాప్ దొంగిలించినవాడికి లాగిన్ తెర దాకా దారి తెరిచి పెట్టినట్టవుతుంది.

ఎన్‌విడియా డ్రైవర్ ఎక్కక సెక్యూర్ బూట్ ఆపేసేవాళ్లు చాలామంది. ఆపాల్సిన పనిలేదు. మోక్ అనే సొంత కీ నమోదు చేసుకుని ఆ మాడ్యూల్‌ను సంతకం చేయవచ్చు. ఇంకో విషయం: లినక్స్ షిమ్‌లను (సెక్యూర్ బూట్‌లో మొదట నడిచే చిన్న ప్రోగ్రామ్‌లను) సంతకం చేసే మైక్రోసాఫ్ట్ 2011 సర్టిఫికెట్ గడువు 2026 జూన్ వరకే. ఇప్పటికే ఉన్న షిమ్‌లు సాధారణంగా బూట్ అవుతూనే ఉంటాయి. 2023 సర్టిఫికెట్‌తో మాత్రమే సంతకమైన కొత్త ఇన్‌స్టాలర్లు, ఆ సర్టిఫికెట్ లేని పాత యంత్రాల్లో ఎక్కవు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్లను ఎఫ్‌డబ్ల్యూయూపీడీ అనే సాధనం ద్వారా వేసుకోవడమే దీనికి దారి. యంత్రం ఎంత గట్టిదో చూడాలంటే గ్నోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ సెక్యూరిటీ తెరిస్తే ఏ రక్షణ ఉంది, ఏది లేదు వరుసగా కనిపిస్తుంది.

## మారే ముందు

మెయిల్, బ్యాంకు, ఆఫీసు ఫైళ్లతో సరిపెట్టుకునేవాళ్లకు ఫెడోరా వర్క్‌స్టేషన్ లేదా సిల్వర్‌బ్లూ చాలు. బిగింపులతో కుస్తీ పట్టగలిగేవాళ్లకు సెక్యూర్‌బ్లూ. తెలియనివాళ్ల నుంచి రోజూ అటాచ్‌మెంట్లు అందుకునే జర్నలిస్టులు, లాయర్లు, సర్వర్ల తాళాలు చేతిలో ఉన్న ఇంజనీర్లకు సరైన హార్డ్‌వేర్ ఉంటే క్యూబ్స్ పెట్టిన శ్రమకు తగ్గ ఫలితమిస్తుంది. టెయిల్స్ స్టిక్ ఎవరికైనా పక్కన ఉండే సాధనమే గానీ, రోజువారీ సిస్టమ్ కాదు.

ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైల్) దింపుకున్నాక సంతకం సరిచూడటం దాటవేయకూడదు. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వెబ్‌సైట్‌ను హ్యాక్ చేసి, డౌన్‌లోడ్ లింకును బ్యాక్‌డోర్ ఉన్న ఐఎస్ఓ వైపు తిప్పారు. అదే సైట్‌లో రాసి ఉన్న చెక్‌సమ్‌ను (ఫైల్‌ను సరిచూసే సంఖ్యను) హ్యాకర్ అదే చేత్తో మార్చగలడు. అందుకే తయారీదారు కీతో చేసిన జీపీజీ సంతకం చూడాలి, ఆ కీ ఫింగర్‌ప్రింట్‌ను మరో చోట కూడా పోల్చుకోవాలి.

ఇన్‌స్టాల్ చేసే ముందు లైవ్ యూఎస్‌బీలో వైఫై, స్లీప్, బయటి మానిటర్ పరీక్షించాలి. పూర్తయ్యాక క్రిప్ట్‌సెటప్ అనే సాధనంతో లక్స్ హెడర్‌ను (డిస్క్ తాళంచెవులు ఉండే మొదటి భాగాన్ని) వేరే ఎన్‌క్రిప్ట్ చేసిన స్టిక్ మీదికి కాపీ చేసుకోవాలి. హెడర్ చెడితే సరైన పాస్‌వర్డ్ ఉన్నా డిస్క్ తెరుచుకోదు. తర్వాత ఎప్పుడైనా పాస్‌వర్డ్ బయటపడిందన్న అనుమానంతో మారిస్తే, పాత హెడర్ కాపీని చెరిపేసి కొత్తది తీసుకోవాలి. పాత కాపీ ఎవరికైనా దొరికితే పాత పాస్‌వర్డ్‌తోనే డిస్క్ తెరుచుకుంటుంది.